పాత కట్టడానికి కొత్త వాడుక: విజయవాడ, గుంటూరు వాసులకు పని వరుస

విజయవాడ వన్‌టౌన్‌లోను, గుంటూరులోని పాత పేటల్లోను ఇంకా నిలిచి ఉన్న పాతకాలపు కట్టడాలలో చాలావాటికి పురావస్తు శాఖ రక్షణ లేదు. అవి కోటలూ గుహాలయాలూ కావు. బాటసారుల కోసం దాతలు కట్టించిన సత్రాలు, పఠన మందిరాలు, మిషను బడులు, మండువా లోగిళ్లు, పొగాకు గోదాములు వంటివి. వారసులు పంచుకోలేకనో, నడిపే సంఘం చీలిపోవడం వల్లనో, అద్దెలు గిట్టుబాటు కాకనో వాటికి తాళం పడుతుంది. ఆ తరువాత పైకప్పు కారడం మొదలై, కొన్నాళ్లకు శిథిల భవనమన్న బోర్డు వేలాడి, చివరకు స్థలం ధర మాత్రమే మిగులుతుంది. అలాంటి కట్టడాన్ని నిలబెట్టి నలుగురికీ పనికివచ్చే చోటుగా మార్చాలని ఒక సంఘమో, ట్రస్టో, ఒక కుటుంబమో తలపెట్టినప్పుడు పనులను ఏ వరుసలో చేయాలో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. వరుసకు ఇంత ప్రాధాన్యం ఇవ్వడానికి కారణం ఉంది. ఈ పనుల్లో డబ్బు వృథా అయ్యేది చాలావరకు చేయవలసిన పనులనే ముందువెనుకలుగా చేయడం వల్ల.

ఈ మార్పు మన ఊళ్లకు కొత్తదేమీ కాదు. విజయవాడ బందరు రోడ్డులోని విక్టోరియా జూబిలీ కట్టడానికి 1887లో, రాణి పాలనకు యాభై ఏళ్లు నిండిన సందర్భంగా, శంకుస్థాపన జరిగింది. అప్పట్లో దాన్ని పారిశ్రామిక ప్రదర్శనశాలగా తలపెట్టారు. 1921 మార్చి చివర బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాలు జరిగినప్పుడు పింగళి వెంకయ్య జాతీయ పతాక నమూనాను గాంధీజీకి అందించినది ఇక్కడే. 1962లో పురావస్తు శాఖ దాన్ని మ్యూజియంగా మార్చింది. మరమ్మతుల తరువాత 2020 అక్టోబరులో బాపు మ్యూజియం పేరుతో అది మళ్లీ తెరుచుకుంది. ప్రదర్శనశాలకూ మ్యూజియానికీ కావలసినవి దాదాపు ఒకటే: ఎత్తైన కప్పు, పొడవైన గదులు, జనం నడిచి చూసిపోయే వీలు. అందుచేత కట్టడానికి పెద్ద కష్టం లేకుండానే పని మారింది. మీ కట్టడం విషయంలోనూ మొదట వెదకవలసింది ఇలాంటి పొత్తునే.

కాగితాలు

తాపీ మేస్త్రిని పిలిచే ముందు దస్తావేజులు చూడాలి. ఆస్తి ఎవరిదో, ఎంతమంది వారసులున్నారో తెలుసుకోవాలి. ఏ లావాదేవీలు రిజిస్టరయ్యాయో, తాకట్టు ఏదైనా ఉందో తెలిపే ఈసీని, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌ను, రిజిస్ట్రారు కార్యాలయం నుంచి వీలైనంత వెనుకటి సంవత్సరం దాకా తీయించాలి. లింకు దస్తావేజులు (ఆస్తి వెనుకటి చేతుల మార్పుల పత్రాలు), మున్సిపల్ పన్ను రశీదులు, దొరికితే పాత ప్లాను దానికి జోడించాలి. సత్రాల విషయంలో అదనపు జాగ్రత్త కావాలి. ధర్మసత్రం చాలా సందర్భాల్లో 1987 నాటి దేవాదాయ చట్టం పరిధిలోకి వస్తుంది కనుక, నిర్వహిస్తున్న కుటుంబం ఎంత పెద్దమనసుతో ఒప్పుకున్నా, దేవాదాయ శాఖ ముందస్తు అనుమతి లేకుండా దీర్ఘకాలపు లీజు తీసుకోకూడదు. మిషను కట్టడమైతే ఆస్తి ఏ సొసైటీ పేరున ఉందో, సంతకం పెట్టే అధికారం ఎవరికుందో రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

యజమాని వేరు, వాడేవారు వేరు అయినప్పుడు ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయించుకోవడం చట్టం ప్రకారం తప్పనిసరి. ఐదేళ్ల లీజు మీద పైకప్పు మార్చేంత ఖర్చు పెట్టడం తెలివైన పని కాదు. పెద్ద మరమ్మతులు చేసే సంఘం కనీసం పాతికేళ్ల హక్కు అడగాలని నా అభిప్రాయం. మరమ్మతు ఖర్చు ఎవరిది, లీజు మధ్యలో రద్దయితే ఆ ఖర్చు ఎలా తిరిగి వస్తుంది, కట్టడంలో ఏ భాగాలను ఎవరూ మార్చకూడదు అన్న మూడు విషయాలూ ఆ లీజులోనే ఉండాలి.

స్థలం ఎక్కడుందన్నది కూడా చూడాలి. విజయవాడలో అక్కన్న మాదన్న గుహలు, మొగల్రాజపురం గుహలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. 1958 నాటి పురాతన కట్టడాల చట్టానికి 2010లో వచ్చిన సవరణ ప్రకారం రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల లోపల కొత్త నిర్మాణం నిషిద్ధం. ఆపై మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. ఈ పరిధిలో ఉన్న పాత ఇంటికి మరమ్మతు చేయాలన్నా అనుమతి కావాలి. కట్టడానికి మున్సిపాలిటీ ఇప్పటికే శిథిల భవనమని నోటీసు ఇచ్చి ఉంటే గడువులోగా నిర్మాణ ఇంజనీరు నివేదికతో జవాబివ్వాలి. జవాబు లేని నోటీసు కూల్చివేతకు దారి వేస్తుంది.

కట్టడాన్ని రాసిపెట్టుకోవడం

ఏ ఇటుకా కదపకముందు కట్టడం ఉన్నది ఉన్నట్టుగా నమోదు కావాలి. ప్రతి గది కొలతలు, గోడల మందం, కిటికీల, ద్వారాల ఎత్తు, దూలాల సంఖ్య, వాటి మధ్య దూరం కాగితం మీదికి రావాలి. ఇంజనీరింగు, ఆర్కిటెక్చరు కళాశాలలు ఈ రెండు ఊళ్ల చుట్టుపక్కల చాలానే ఉన్నాయి. అధ్యాపకుల పర్యవేక్షణలో విద్యార్థులు ఈ పనిని శ్రద్ధగా చేయగలరు. ఫోటోలు గోడ గోడకూ ఒకే దూరం నుంచి, కొలబద్ద కనబడేటట్టు తీయాలి. వారసత్వ కట్టడాల పరిరక్షణకు 1984లో ఏర్పడిన ఇంటాక్ సంస్థ ఇలాంటి నమోదుకు పత్రాల నమూనాలు వాడుతుంది. వాటిని అడిగి తెచ్చుకుంటే అన్నీ మొదటినుంచి తయారు చేసుకోనక్కరలేదు.

దానితోపాటు ఆ పేటలోని పెద్దవారితో మాట్లాడి కట్టడంలో ఏ గదిలో ఏం జరిగేదో రాసుకోవాలి. 1914 ఏప్రిల్‌లో తొలి గ్రంథాలయ సభ జరిగిన ఊరు విజయవాడ. గ్రంథాలయోద్యమం నాటి పఠన మందిరాల కథలు చాలావరకు రాతలో లేవు, మనుషుల నోట మిగిలి ఉన్నాయి. ఇది ఊరికే జ్ఞాపకాల కోసం చేసే పని అనుకోకూడదు. "ఆ మూల గదిలో వానాకాలం కూర్చునేవాళ్లం కాదు" అని ఒక పెద్దాయన యథాలాపంగా అన్న మాట ఆ మూల తూము ఎప్పటినుంచి పని చేయడం లేదో చెబుతుంది.

ఒక ఎండాకాలం, ఒక వానాకాలం చూడాలి

ఈ దశను చాలా సంఘాలు దాటవేస్తాయి. చందాలు వసూలైన ఉత్సాహంలో మొదట రంగు వేయించి, గేటు దగ్గర ఆర్చి కట్టించి, దాతల పేర్లతో శిలాఫలకం పెట్టించి, అప్పుడు పైకప్పు వంక చూస్తారు. శిలాఫలకం తప్పని తంతే అయినా దానికి తొందర లేదు. కట్టడాన్ని కనీసం ఒక ఎండాకాలమూ ఒక వానాకాలమూ కనిపెట్టి చూడనిదే ఏ పగులు ఎందుకు వచ్చిందో నిర్ధారించడం సాధ్యం కాదు.

గుంటూరు వైపు ఇది మరీ ముఖ్యం. అక్కడి నల్లరేగడి నేల తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. లోతు తక్కువ పునాదుల మీద లేచిన పాత గోడలు ఈ కదలికతోనే పగులుతాయి. ఏప్రిల్‌లో వేలు పట్టేంత తెరుచుకున్న పగులు సెప్టెంబరు నాటికి దాదాపు మూసుకుపోవచ్చు. అలాంటి పగులును ఎండాకాలంలో సిమెంటుతో గట్టిగా పూడిస్తే, వానలకు నేల ఉబ్బి గోడ మూసుకోవాలని చూసినప్పుడు ఆ సిమెంటు మేకులా అడ్డుపడి పక్కన కొత్త పగులు పుట్టిస్తుంది. కనుక మొదట కొలవాలి. పగులుకు అడ్డంగా సన్నని గాజు పట్టీని రెండు చివర్లా మాత్రమే అతికించి, తేదీ రాసి వదిలేయాలి. గోడ కదిలితే గాజు విరుగుతుంది. పట్టీ పక్కన పెన్సిలుతో రెండు గుర్తులు పెట్టి నెలకొకసారి వాటి మధ్య దూరం కొలిచి పుస్తకంలో రాస్తే, ఏడాది తిరిగేసరికి ఆ పగులు రుతువులతో మూసుకుని తెరుచుకునేదో, ఒకే దిక్కుకు పెరిగిపోతున్నదో తెలుస్తుంది. మొదటి రకానికి పునాది చుట్టూ తేమ మారకుండా చూసుకుంటే చాలావరకు సరిపోతుంది. గోడ నుంచి వాననీరు దూరంగా పోయేటట్టు వాలు తీసి, గోడ వెంబడి పాదులు కట్టి నీళ్లు పోసే మొక్కలను తొలగించాలి. రెండో రకానికి నేల పరీక్ష, ఇంజనీరు సలహా తప్పవు.

విజయవాడలో సమస్య వేరు. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ ఊరి మధ్యనుంచి పారుతున్నాయి. కాలువగట్టుకు దగ్గరగా ఉన్న కట్టడంలో, నీరు వదిలిన నెలల్లో గోడల అడుగున నిమ్ము ఎంత ఎత్తుకు ఎక్కుతుందో, కాలువ కట్టేసిన తరువాత ఎంతకు దిగుతుందో గీత గీసి చూడాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీటిలో ఉన్న సంగతి ఎవరూ మరచిపోలేదు. లోతట్టు ప్రాంతంలో ఉన్న కట్టడమైతే ఆనాటి నీటి మట్టం గోడ మీద ఎక్కడిదాకా వచ్చిందో గుర్తించి, విద్యుత్ బోర్డులనూ పుస్తకాలనూ ఆ గీతకు పైన పెట్టేటట్టు ఇప్పుడే నిర్ణయించుకోవాలి.

సున్నం

పాత గోడల్లో ఎక్కువ భాగం సున్నపు అడుసుతో కట్టినవి. ఇటుకా, అడుసూ రెండూ నీటిని పీలుస్తాయి, మళ్లీ గాలికి వదిలేస్తాయి. నేలలోంచి ఎక్కిన నిమ్ము గోడ ముఖం మీదుగా ఆరిపోతూ ఉన్నంతకాలం గోడకు హాని తక్కువ. దాని మీద సిమెంటు ప్లాస్టరింగు చేసి, ఆపైన నీరు చొరని ఎమల్షన్ రంగు వేస్తే నిమ్ము బయటపడే దారి మూసుకుపోతుంది. అది ఇంకా పైకి ఎక్కుతుంది. దానితో వచ్చిన లవణాలు ప్లాస్టరు వెనక పేరుకుని పలుకులుగా మారి ఇటుక ముఖాన్ని పొడిచేస్తాయి. గోడ చవుడు పట్టిందని మనం అనేది దీన్నే. ఆ చవుడును చూసి మేస్త్రి మరింత మందంగా సిమెంటు కొట్టమంటాడు. రెండు మూడేళ్లలో ఆ పెచ్చు కింద ఇటుక పిండి అయిపోతుంది.

కాబట్టి చేయవలసింది దీనికి వ్యతిరేకం. గోడంతా చెక్క సుత్తితో మెల్లగా తట్టుకుంటూ పోతే ప్లాస్టరు వదిలిన చోట బోలు శబ్దం వస్తుంది. ఆ మేర సుద్దతో గీసుకుని అంతవరకే తొలగించాలి. పాత సున్నపు గచ్చు గట్టిగా ఉన్నచోట దాన్ని ముట్టుకోకూడదు. అలాంటి పనితనం ఈనాడు డబ్బు పోసినా దొరకడం కష్టం. తీసిన భాగంలో ఉప్పును పొడి బ్రష్షుతో దులిపి, గోడను కొన్ని వారాలు అలాగే ఆరనిచ్చి, అప్పుడు సున్నంతో పూయాలి. తడి గుడ్డతో తుడిస్తే ఉప్పు కరిగి మళ్లీ లోపలికి పోతుంది.

డంగు సున్నం, అంటే గానుగలో రుబ్బిన సున్నపు అడుసు, ముసలి మేస్త్రులకు ఇంకా తెలుసు. ఎడ్లు తిప్పే గానుగ ఈ రోజుల్లో కనబడకపోవచ్చు గాని, మోటారుతో తిరిగే రుబ్బుడు యంత్రం ఆ పని చేస్తుంది. కాల్చిన రాతి సున్నాన్ని తెచ్చి, నీళ్లు నింపిన తొట్టిలో కొద్దికొద్దిగా వేస్తూ చల్లార్చాలి. సున్నం మీద నీళ్లు పోయకూడదు, నీళ్లలో సున్నం వేయాలి. కుతకుత ఉడికే ఆ వేడికి కళ్లు పోయిన సందర్భాలున్నాయి కనుక కళ్లద్దాలు, చేతి తొడుగులు లేనిదే ఎవరినీ దగ్గరకు రానీయకూడదు. చల్లారిన ముద్దను జల్లెడ పట్టి, నీటి కింద కనీసం కొన్ని వారాలు మాగనివ్వాలి. మాగేకొద్దీ వెన్నలా సాగుతుంది. మామూలుగా ఒక పాలు సున్నానికి మూడు పాళ్లు ఇసుక కలుపుతారు. అయితే మీ గోడలో ఉన్న పాత అడుసును చూసి నిర్ణయించడం మేలు. దాని ముక్కను ప్రయోగశాలలో పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేస్తే సున్నం కరిగిపోయి ఇసుక మిగులుతుంది. బరువులు చూసి పాళ్లు లెక్కగట్టవచ్చు. నిమ్ము ఎక్కువగా ఉండే అడుగు భాగంలో ఇసుకకు బదులు కొంత సుర్ఖీ, అంటే కాల్చిన ఇటుక పొడి, కలిపితే తడిలో కూడా అడుసు గట్టిపడుతుంది. కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు కలిపే ఆచారం మంచిదే గాని, పాళ్లు మేస్త్రి మేస్త్రికీ మారతాయి. ముందు ఒక గజం మేర పూసి, పగుళ్లు వస్తున్నాయో లేదో ఒక నెల చూసి ఒప్పుకోవాలి.

సున్నం మెల్లగా, గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ గట్టిపడుతుంది. మే నెల ఎండలో పూసిన గచ్చు ఆ అవకాశం లేకుండానే ఆరి పొడి రాలుతుంది. మన దగ్గర అక్టోబరు, నవంబరుల్లో తుపానుల భయం ఉంటుంది. అందుచేత సున్నం పనిని నవంబరు చివరినుంచి ఫిబ్రవరిలోగా ముగించుకునేటట్టు పెట్టుకోవాలి. పూసిన గోడ మీద తడి గోనెపట్టాలు కప్పి వారం పది రోజులు తేమగా ఉంచాలి. రంగుగా సున్నమే వేయాలి. రెండేళ్లకోసారి వేయవలసి వస్తుందని కమిటీలో ఎవరో ఒకరు తప్పక అభ్యంతరం చెబుతారు. ఆ రెండేళ్ల ఖర్చును, చవుడు పట్టిన గోడను మళ్లీ కట్టే ఖర్చుతో పోల్చి చూపితే చర్చ త్వరగా ముగుస్తుంది.

గోడ సందుల్లో మొలిచిన రావి, మర్రి మొక్కలను చేత్తో పీకకూడదు. వేరు గోడ లోపల ఎంత దూరం పాకిందో బయటికి కనబడదు. బలంగా లాగితే దానితోపాటు ఇటుకలూ వస్తాయి. కాండాన్ని మొదట్లో కోసి, కోసిన మొద్దులో చిన్న రంధ్రం వేసి కలుపు మందు పోసి, మట్టితో మూయాలి. వేరు పూర్తిగా ఎండిన తరువాతే దాన్ని తీసి ఆ ఖాళీని పలుచని సున్నపు పాలతో నింపాలి. మీద కొమ్మలు మాత్రం కొట్టేసి వదిలేస్తే రావి అంతకు రెట్టింపు చిగురు వేస్తుంది.

పైకప్పు

సున్నం సంగతి ముందు చెప్పినా, అన్ని మరమ్మతుల్లోకీ ముందు చేయవలసింది పైకప్పే. ఈ ప్రాంతంలో ఎక్కువగా కనబడేవి పెంకుల కప్పు, మద్రాసు టెర్రస్. పెంకుల కప్పు సులువు. పగిలినవి మార్చి, చెదలు తిన్న వాసాలు తీసి, చూరు సరిచేస్తే సరిపోతుంది. కూల్చేస్తున్న ఇళ్ల నుంచి అదే కొలత పెంకులు సేకరించి నిల్వ ఉంచుకోవడం మంచిది.

మద్రాసు టెర్రస్‌కు జాగ్రత్త ఎక్కువ కావాలి. టేకు దూలాలు, వాటి మీద అడ్డ కర్రలు, ఆపైన సున్నంతో ఏటవాలుగా నిలబెట్టి పేర్చిన పలుచని ఇటుకలు, దాని మీద ఇటుక కంకర, సున్నం కలిపి దిమ్మిస కొట్టిన పొర, అన్నిటికీ పైన పలక ఇటుకలు: ఇదీ దాని అమరిక. ఇది కారుతున్నప్పుడు చాలామంది పైన ఇంకో పొర సిమెంటు వేయిస్తారు. వంద చదరపు అడుగుల మీద ఒక్క అంగుళం మందాన సిమెంటు గచ్చు వేస్తే దాదాపు అర టన్ను బరువు పెరుగుతుంది. ఇలా రెండు మూడు తరాల వారు ఒకరి పొర మీద ఒకరు వేసుకుంటూ వచ్చిన కప్పులున్నాయి. అలాంటిచోట మొదటి మరమ్మతు బరువు దించడం. పొరలను పలుగుతో బాదకుండా, కింద దూలాలకు ఊతకర్రలు పెట్టి, చిన్న ఉలితో ముక్క ముక్కగా తీయించాలి. ఆ తరువాత వాలును సరిచేసి, సున్నపు పొర మళ్లీ వేసి, తూములు బాగుచేయాలి.

దూలం పాడైతే నడిమధ్యలో పాడవదు, గోడలోకి దూరిన కొసలో పాడవుతుంది. అక్కడ నిమ్ము తగులుతుంది, గాలి ఆడదు, చెద గోడ గుండా ఎక్కి మొదట చేరేది అక్కడికే. నిచ్చెన ఎక్కి దూలం కొసను స్క్రూ డ్రైవరుతో గుచ్చి చూడాలి. గట్టి టేకులో మొన దిగదు. మొన సగం దాకా మెత్తగా దిగి, లాగితే గోధుమరంగు పొడి రాలిందంటే కొస పుచ్చినట్టే. అప్పుడు మొత్తం దూలాన్ని మార్చమని చెప్పే వారి మాట వెంటనే వినకూడదు. మిగిలిన కలప బాగుంటే, పుచ్చిన కొసనే కోసి, రెండు వైపులా ఉక్కు పట్టీలు బోల్టులతో బిగించి కొత్త కలప ముక్క అతికించవచ్చు. లేదా గోడ లోపలి వైపు ఇనుప ఆధారం నిలబెట్టవచ్చు. దూలం కొస చుట్టూ గాలి ఆడేటట్టు కొద్ది సందు ఉంచడం మాత్రం మరచిపోకూడదు.

ఏ పనికి వాడాలి

కట్టడం గురించి ఇంత తెలిసిన తరువాతే వాడుకను నిర్ణయించాలి. ఇక్కడ ఆశకు హద్దు గీసేది బరువు. భారతీయ ప్రమాణాల సంస్థ ఐ.ఎస్. 875 రెండో భాగం ప్రకారం నివాస గదుల నేల చదరపు మీటరుకు సుమారు 200 కిలోల బరువుకు లెక్క కడతారు. బిగించిన కుర్చీలు లేని సభా మందిరానికి అది సుమారు 500 కిలోలు, పుస్తకాల అరల గదికి 600 కిలోలు. అంటే కుటుంబం కాపురమున్న మేడ మీది గదిని గ్రంథాలయంగా మారిస్తే దాని మీద పడే భారం మూడింతలవుతుంది. అందుచేత పుస్తకాల అరలు, సమావేశాలు నేల అంతస్తులో ఉండాలి. మేడ మీద పదిమంది కూర్చుని చదువుకునే గదో, సంఘం కార్యాలయమో, సంగీతం పాఠమో పెట్టుకోవచ్చు.

ఏ పేటకు ఏది అవసరమో కమిటీ సభ్యులు తమలో తాము ఊహించుకోకుండా చుట్టుపక్కల ఇళ్లను అడగాలి. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు చిన్న అద్దె గదుల్లో కిక్కిరిసి ఉండే పేటల్లో నిశ్శబ్దమైన పఠన మందిరానికి ఉన్న గిరాకీ మరి దేనికీ ఉండదు. ఎత్తైన కప్పు, ఎదురెదురు కిటికీలు, మందపాటి గోడలు ఉన్న పాత కట్టడం మే నెలలో కూడా ఫ్యాన్లతో భరించగలిగేటట్టు ఉంటుంది కనుక ఆ పనికి సరిగ్గా సరిపోతుంది. మండువా లోగిలి చుట్టూ గదులున్న ఇల్లు కుట్టు శిక్షణ, ఉచిత వైద్య శిబిరం, వృద్ధుల కూడిక వంటి వేర్వేరు చిన్న పనులను వేర్వేరు వేళల్లో నడపడానికి అనువు. నడుమ స్తంభాలు తక్కువగా ఉండే పొగాకు గోదాము చేనేత సంతకో, నాటక సాధనకో, పిల్లల ఆటలకో బాగుంటుంది. పాత కట్టడాన్ని ఏసీ కల్యాణ మండపంగా మార్చాలన్న ప్రతిపాదన దాదాపు ప్రతిచోటా వస్తుంది, ఆదాయం కనబడుతుంది కనుక. నేను దాన్ని ఒప్పుకోను. వంటశాల పొగ, వేల కొద్దీ అడుగులు, డీజే శబ్దపు అదురు, ఏసీ కోసం మూసేసిన కిటికీలు, వాటి వెనక పట్టే బూజు, ఇవన్నీ కలిసి కొద్ది ఏళ్లలోనే ఆ కట్టడాన్ని మళ్లీ మరమ్మతుకు తెస్తాయి.

కొత్తగా చేర్చేవి

చేర్చిన ప్రతిదీ రేపు తీసేసినా పాత గోడకు గాయం మిగలకూడదు. ఈ ఒక్క నియమం పాటిస్తే మిగతా నిర్ణయాలు తేలికవుతాయి. కరెంటు తీగల కోసం గోడలకు గాళ్లు కొట్టకుండా పైపుల్లో గోడ మీదుగానే, వీలైనంత అడుసు కీళ్లలో మేకులు దించి, తీసుకుపోవాలి. పాత తీగలన్నీ తీసేసి, కొత్తగా ఎర్తింగు, లీకేజీకి ఆగే బ్రేకరు తప్పక పెట్టించాలి. మరుగుదొడ్లు కట్టడం లోపల వద్దు. ఆవరణలో విడిగా చిన్న గదులుగా కట్టి, వాటి పైపులు పాత పునాదికి దూరంగా పోయేటట్టు చూడాలి. నల్లరేగడిలో కారే పైపు ఒక్కటి గోడను ఒక పక్కకు కుంగదీయగలదు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం నలుగురికీ తెరిచిన చోటు చక్రాల కుర్చీకీ తెరుచుకోవాలి. ర్యాంపు వాలు పన్నెండుకు ఒకటి మించకూడదు. అంటే అరుగు ఎత్తు ఒకటిన్నర అడుగులైతే ర్యాంపు పద్దెనిమిది అడుగుల పొడవు ఉండాలి. ముందు వైపు అంత చోటు లేకపోతే పక్క వాకిలికి పెట్టవచ్చు. పాత మెట్లను పగలగొట్టకుండా, వాటి పక్కన లోహపు చట్రం మీద విడిగా నిలబెడితే చాలు. జనం గుమిగూడే గదికి రెండు ద్వారాలు తెరిచి ఉండాలి. పాత కట్టడాల్లో తలుపులు ఎక్కువగా లోపలికి తెరుచుకుంటాయి కనుక కార్యక్రమం జరుగుతున్నంతసేపు వాటిని కొక్కేలతో పూర్తిగా వెనక్కు పెట్టించాలి.

భూకంపాల పటంలో ఐ.ఎస్. 1893 ప్రమాణం 2016 నాటి ప్రతి విజయవాడను మూడవ మండలంలో చూపింది. పాత ఇటుక కట్టడానికి అసలు బలహీనత గోడలు ఒకదానితో ఒకటి, కప్పుతోనూ సరిగా ముడిపడి లేకపోవడం. మూలల్లో గోడలను కలిపే ఉక్కు కడ్డీలు, దూలాలను గోడకు బిగించే పట్టీలు, పిట్టగోడలకు ఆధారాలు ఐ.ఎస్. 13935 లో వివరంగా ఉన్నాయి. ఇది సంఘ సభ్యులు సొంతంగా నిర్ణయించే పని కాదు. పాత కట్టడాల మీద పని చేసిన నిర్మాణ ఇంజనీరును పెట్టుకోవాలి. ఆర్.సి.సి. ఫ్రేము కట్టేసి పాత గోడలను ముఖానికి మాత్రం ఉంచుదామనే ఇంజనీరును మర్యాదగా పంపించివేయవచ్చు.

డబ్బు, నిర్వహణ

ఖర్చును విడతలుగా విభజించాలి: మొదట కప్పు, తూములు, నీరు పోయే దారి. తరువాత నిర్మాణ బలం. ఆపైన గోడలు, తీగలు, మరుగుదొడ్లు. చివరకు సామాను, రంగు. ప్రతి విడత పూర్తవగానే కట్టడంలో ఏదో ఒక గది వాడుకలోకి రావాలి. తెరిచిన గదిని చూసి ఇచ్చే దాతలు ప్లాను చూసి ఇచ్చేవారికంటే ఎక్కువమంది ఉంటారు. కంపెనీల సామాజిక బాధ్యత నిధులకు కంపెనీల చట్టం ఏడో షెడ్యూలులో చారిత్రక ప్రాధాన్యం గల కట్టడాల పునరుద్ధరణ, ప్రజా గ్రంథాలయాల ఏర్పాటు రెండూ ఉన్నాయి. దరఖాస్తులో ఆ అంశాన్ని స్పష్టంగా పేర్కొనాలి. ఆ నిధులు అందుకోవాలంటే సొసైటీకో ట్రస్టుకో ఆదాయపు పన్ను శాఖ నమోదు, ఏటా తనిఖీ అయిన లెక్కలు ఉండాలి.

వసూలైన మొత్తంలో కొంత భాగాన్ని మొదటి రోజే వేరు చేసి బ్యాంకులో డిపాజిటు చేసి, దాని వడ్డీని ఏటా మరమ్మతుకే వాడాలని తీర్మానం రాసుకోవాలి. గదుల అద్దె నామమాత్రంగానైనా పెట్టాలి, పూర్తిగా ఉచితం చేయకూడదు. ఉచితంగా వచ్చే చోట కుళాయి కారుతుంటే చెప్పేవారు ఉండరు.

నిర్వహణకు పంచాంగం ఒకటి కావాలి. మృగశిర కార్తె రాకముందే తూములు, కప్పు మీది ఆకులు, కాలువలు శుభ్రం చేయించాలి. మొదటి పెద్ద వాన కురిసిన రోజున ఒకరు గొడుగు వేసుకుని కట్టడం చుట్టూ తిరిగి నీరు ఎక్కడ ఆగుతోందో చూసి రాయాలి. వానలు వెనకబట్టాక గోడల మీద మొక్కలు తీయించాలి. సంక్రాంతి తరువాత సున్నం పని. మార్చిలో దూలాల కొసలు, చెద మట్టి దారులు, తీగల తనిఖీ. పగుళ్ల కొలతలు రాసిన పుస్తకాన్ని కమిటీ మారినప్పుడు తాళాలతోపాటు కొత్తవారికి అప్పగించి, అందినట్టు సంతకం తీసుకోవాలి.